మూడో అంతస్తు మూల గది

మా పక్కింటి నోరీన్ హెస్ప్ యార్క్ నగరంలోకెల్లా గొప్ప హోటల్ని రెండు రోజులు ముట్టడించి, మూడోనాడు ఉదయం స్వాధీనం చేసుకుంది. పూర్వం ఈ ఊరి కోటను పార్లమెంటు సైన్యాలు ఫిరంగులతో చుట్టుముడితే లొంగడానికి పది వారాల పైనే పట్టింది. నోరీన్‌కి అరవై ఆరేళ్ల వయసులో, చేతిలో ఒక దిండుతో, ఒక్క వారాంతం సరిపోయింది.

సరే. హోటల్ మొత్తం కాదు, ఒక గది. అదీ ఇరవై నిమిషాలు. నేను చదువుకున్న కాన్వెంటులో అబద్ధం పాపమని సిస్టర్లు చెప్పేవారు, అతిశయోక్తి అలంకారమని తెలుగు మాస్టారు చెప్పేవారు. ఇద్దరి మనసూ నొప్పించకుండా రాసుకొస్తున్నాను. దిండు మాత్రం అలంకారం కాదు. ఆవిడ భర్త క్లిఫ్ కళ్లారా చూశాడు.

నోరీన్‌దీ మాదీ ఒకే వరసలోని ఇళ్లు, మధ్యలో గోడ ఒకటే. ముప్ఫై నాలుగేళ్లుగా ఆవిడ అటు తుమ్మితే మా ఆవిడ విమల ఇటునుంచి చిరంజీవ అంటోంది. నా పేరు చలపతి. అది పలికే ఓపిక లేక మొదటి వారంలోనే ఆవిడ నన్ను చార్లీని చేసింది. వీధి మొత్తం ఒప్పుకుంది, నన్నెవరూ అడగలేదు.

ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్లు బడి వంటశాలలో పనిచేసింది. ఈ ఊళ్లో నలభై లోపు వాళ్లలో చాలామంది ఆవిడ గరిటె కింద పెరిగినవాళ్లే. నాలుగు రోడ్ల దగ్గర నిలబడే పోలీసొకాయన ఇప్పటికీ నోరీన్ కనబడితే టోపీ సర్దుకుంటాడు. పళ్లెంలో క్యారెట్లు వదిలేస్తే ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఒకసారి చెత్త బండి మా గుమ్మాలు వదిలేసి పోతే, డబ్బా ఈడ్చుకుంటూ రెండు వీధులు వెంటబడి, ఆ లారీని వెనక్కి నడిపించుకుని తీసుకొచ్చింది. లారీ డ్రైవరు దిగి మా అందరికీ క్షమాపణ చెప్పాడు. 

అలాంటి నోరీన్, హోటల్లో ట్రే పట్టుకున్న మనిషి ఎదురైతే మాత్రం చంటిపిల్లయిపోతుంది.

నది ఒడ్డున ఒక చిన్న హోటల్లో మేం నలుగురం భోజనానికి కూర్చున్నప్పుడు ఆవిడ సూపులో చొక్కా గుండీ వచ్చింది. అంతా బాగుందాండీ అని అడగడానికి వచ్చిన అమ్మాయితో నోరీన్ “చాలా బాగుంది బంగారం” అంది. ఆ గుండీని చేతిరుమాల్లో కట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడది క్లిఫ్ స్వెట్టర్‌కి ఉంది. ఇంటికొచ్చాక ఆ సూపు గురించి మా గోడ మీదుగా పదకొండు రోజులు ఏడ్చింది. అక్కడే చెప్పొచ్చు కదా అంటే, అడగడానికి వచ్చిన పిల్ల మొహం చూశావా అని నన్ను తిట్టింది. ఇలా నేను సూపుకోసం, మాంసంకోసం, చల్లారిన టీకోసం, చిరిగిన రైలు సీటుకోసం తిట్లు తిన్నాను. వాటిలో ఒక్కటీ నేను వండలేదు, కుట్టలేదు.

ఇక ఆ గది సంగతి. నోరీన్ తల్లి ఎడ్నా ఆ హోటల్లోనే గదులు సర్దే పని చేసేది. పెద్ద గుమ్మంలోంచి రాకూడదు, వెనక సందులోంచి రావాలి. సాయంత్రం ఇంటికొచ్చి ఉప్పు వేసిన వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని, మూడో అంతస్తు మూల గది కిటికీ గురించి పిల్లకి చెప్పేదట. అందులోంచి మా ఊరి పెద్ద చర్చి, మిన్‌స్టర్, చెయ్యి చాపితే అందేట్టు ఉంటుందనీ, తొమ్మిదిన్నర వేళ ఎండ పడితే ఆ రాయి వెన్నముద్దలా మెత్తబడుతుందనీ. నన్నూ తీసుకెళ్లమ్మా అని పిల్ల అడిగితే, అది మన కిటికీ కాదు బంగారం అనేదట.

నోరీన్‌కి ఈ లోకంలో ఇంకో కోరిక ఉన్నట్టు నాకు తెలీదు. స్పెయిన్ వెళ్దామని క్లిఫ్ అంటే ఎండ ఎక్కువంది. కారు కొందామంటే కారెక్కి ఎక్కడికెళ్లాలంది. బస్సు ఆ హోటల్ ముందు ఆగినప్పుడు మాత్రం మాట మధ్యలో ఆపి మూడో అంతస్తు మూలకి చూసేది. అరవై ఆరేళ్లలో ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు.

మొన్న మార్చిలో ఆవిడ పని మానేసినప్పుడు వంటశాల ఆడవాళ్లంతా కలిసి ఒక కవరు చేతిలో పెట్టారు. ఆ హోటల్లో శుక్ర, శనివారాలు రెండు రాత్రుల బస. భోజనం, ఉదయం ఫలహారం, శనివారం మధ్యాహ్నం నలుగురికి టీ. కింద చేత్తో రాయించారు: మూడో అంతస్తు, మిన్‌స్టర్ వైపు, మూల గది. వాళ్లకీ తెలుసు. పదిహేనేళ్లుగా బంగాళాదుంపలు చెక్కుతూ ఆ కథే విన్నారు. నోరీన్ అది చదివి, పొయ్యి తుడవాలని వెనక్కి తిరిగిందట. పొయ్యి అప్పటికే తుడిచేసి ఉంది.

క్లిఫ్ రైలు పెట్టెల కార్ఖానాలో వడ్రంగం చేసి రిటైరయ్యాడు. రోజుకి ఏడెనిమిది మాటలకి మించి ఖర్చు పెట్టడు. ఆ రోజు వాటిలో సగం వాడేశాడు. “నడిస్తే పన్నెండు నిమిషాలు,” అన్నాడు. పన్నెండు నిమిషాల దూరంలో సొంత మంచం ఉండగా అని ఆయన భావం. అయినా పెట్టె సర్దాడు. అందులో ఫ్లాస్కు, ఇంటి టీ పొట్లాలు, కాగితంలో చుట్టిన పోర్క్ పై, అంటే పందిమాంసం కూరిన రొట్టె, పెట్టుకున్నాడు, హోటల్లో తిండి ఉంటుందో ఉండదో అని.

శుక్రవారం మూడు గంటలకి ఇద్దరూ పెద్ద గుమ్మంలోంచే వెళ్లారు. కౌంటరు దగ్గర నీలం టై కట్టుకున్న యువకుడు, మంచి మర్యాదస్తుడు, కాగితం చూసి నవ్వాడు.

“అరే, మీరు ఈ ఊరివాళ్లే! అయితే మిన్‌స్టర్‌ని రోజూ చూస్తూనే ఉంటారు.”

“బస్సులోంచి కనబడుతుంది,” అంది నోరీన్.

అతను కాస్త ముందుకి వంగాడు. లండన్ పక్కనున్న సర్రే నుంచి ఒక జంట వచ్చారనీ, పెళ్లిరోజనీ, ఎంతో దూరం నుంచి వచ్చి ఆ మూల గదే కావాలని అడిగారనీ చెప్పాడు. “మీకు రెండో అంతస్తులో వెనకవైపు మంచి ప్రశాంతమైన గది ఇస్తాం. మీకేమన్నా అభ్యంతరమా, మేడమ్?”

ఇక్కడ నేను కాసేపు లేచి నడిచి రావాలి, బీపీ ఉంది. అభ్యంతరమా అని అడిగితే ఈ దేశంలో ఒకటే జవాబు. కత్తి మెడమీద పెట్టి అభ్యంతరమా అని మర్యాదగా అడిగితే, కాలరు కాస్త కిందికి లాగి కూడా ఇస్తారు. ఇదే మా గుంటూరులో అయితే ఈపాటికి ఆ యువకుడి మేనేజరు, మేనేజరు బావమరిది, దారినపోయే ఇద్దరు లాయర్లు కౌంటరు చుట్టూ ఉండేవారు.

“అబ్బే, ఏమీ లేదు బంగారం,” అంది నోరీన్. 

అని, తాళం తీసుకుని, క్లిఫ్ వైపు తిరిగిందట. ఆ ముఖం చూసి క్లిఫ్ పెట్టె కింద పెట్టి మళ్లీ ఎత్తుకున్నాడు.

ఐదు గంటలకి మా ఇంట్లో ఫోను మోగింది. విమల తీసింది, పక్కనుంచి నాకూ అన్నీ వినబడ్డాయి. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇటుక గోడ ఉందట. గోడకి వంటింటి పొగ గొట్టం, కింద నాలుగు చెత్త డబ్బాలు, గొట్టం మీద ఒక కుంటి పావురం. గదంతా వేయించిన చేపల వాసన. మంచం మీద పదహారు దిండ్లు, పడుకోవాలంటే వాటిని ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. ఇదంతా నోరీన్ నలభై నిమిషాలు ఏకధాటిగా చెప్పింది, పన్నెండు నిమిషాల దూరంలో ఉన్న మాకు. నాలుగు మెట్లు దిగితే ఉన్న కౌంటరుకి మాత్రం చెప్పదు. ఫోను లాక్కున్నాను.

“కిందకెళ్లి గది మార్చమని చెప్పు.”

“ఏమని చెప్పను? ఫర్వాలేదని నా నోటితో అన్నాక?”

“పొరపాటున అన్నానని చెప్పు.”

“పొరపాటున ఎవరన్నా ఫర్వాలేదంటారా, చార్లీ? ఆ అబ్బాయి ఏమనుకుంటాడు?”

“ఏమనుకుంటే నీకేంటి? వాడికి నువ్వు పిల్లనివ్వాలా?”

ఫోను పెట్టేసింది.

రాత్రి భోజనంలో బంగాళాదుంప లోపల పచ్చిగా ఉందట. వడ్డించినవాళ్లు వచ్చి అంతా బాగుందా అని మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ చాలా బాగుంది అంది. మూడోసారి అన్నప్పుడు ఆ ముక్క దవడలో ఉంది. క్లిఫ్ గదికి వెళ్లి పోర్క్ పై కోసుకున్నాడు. మేకులు లెక్కపెట్టిన అలవాటుకొద్దీ ఆయన లెక్కే: శనివారం మధ్యాహ్నానికి ఆ హోటల్లో ఆవిడని అంతా బాగుందా అని పద్నాలుగుసార్లు అడిగారు. ఆ పద్నాలుగూ పద్నాలుగు తెరిచిన తలుపులు. అన్నిటినీ తన చేత్తో తనే మూసింది.

శనివారం టీకి నేనూ విమలా వెళ్లాం. విమల పట్టుచీర కట్టింది. నేను అమ్మాయి పెళ్లినాటి కోటు వేసుకున్నాను, గుండీలు పడలేదు. మమ్మల్ని ఒక స్తంభం వెనక కూర్చోబెట్టారు. స్తంభం బాగానే ఉంది. మూడంతస్తుల వెండి స్టాండు వచ్చింది. కింద అంచులు కోసేసిన వేలెడు శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లనే చిన్న బన్నులు, పైన కేకులు. నేను పైనుంచి మొదలుపెట్టాను, నా వయసుకి ఆగలేను. నోరీన్ ముఖం పిండి ఆరేసిన గుడ్డలా ఉంది. వచ్చినప్పటినుంచీ ఆ సర్రే జంట గురించే చెబుతోంది. ఆయన ఆవపిండి రంగు ప్యాంటు వేసుకుంటాడట. పొద్దున్న ఫలహారం దగ్గర ఆయన భార్య, కిటికీలోంచి ఆ చర్చి గంటలు మరీ చెవిలో కొట్టినట్టున్నాయని అనడం నోరీన్ విందట.

“గంటలు,” అంది నోరీన్ నా వైపు చూస్తూ, ఆ గంటలు నేనే కొట్టినట్టు. “ఆవిడకి గంటలు ఎక్కువయ్యాయి.”

“అయితే వాళ్లు సంతోషంగా గది మార్చుకుంటారు కదా. అడుగు.”

“నేనెలా అడుగుతాను? వాళ్ల మాటలు పొంచి విన్నానని తెలిసిపోదూ?”

అప్పుడే మేనేజరు మా బల్ల దగ్గరికి వచ్చింది. నల్లకోటు, మెడలో ముత్యాలు, చల్లని ముఖం.

“అంతా బాగుందాండీ?”

నేను నోరు తెరిచాను. బల్ల కింద నోరీన్ బూటు నా మోకాలిచిప్పని వెతికి పట్టుకుంది.

“చాలా బాగుందండీ,” అంది నోరీన్.

“గది నచ్చిందా?”

“ఎంత ప్రశాంతంగా ఉందో.”

“నిజానికి, గది విషయంలో...” అన్నాను నేను.

రెండోది మొదటిదానికంటే గట్టిగా తగిలింది. నేను మూలిగాను. “ఈయనకి మోకాళ్ల నొప్పులు, ఏమీ అనుకోకండి,” అని నా తరఫున నోరీన్ క్షమాపణ చెప్పింది. మేనేజరు పాపం నాకోసం ఇంకో మెత్త పంపించింది.

ఆవిడ వెళ్లాక నేను కేకు కింద పెట్టేశాను. అంత కోపం వచ్చింది.

“నీకు బుద్ధుందా, నోరీన్? తనంతట తాను వచ్చింది. గది పేరెత్తి అడిగింది. ఇంకేం కావాలి, పల్లకీ పంపాలా?”

“మర్యాదకి అడిగింది.”

“మర్యాదకి అడిగినా చెవులుంటాయి కదా.”

“నీకర్థం కాదులే చార్లీ. నువ్వు ఉద్యోగమంతా స్టేషన్లో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చున్నవాడివి. మీ అమ్మ ఎప్పుడన్నా వేరేవాళ్ల పక్క సర్దిందా?”

లేదన్నాను. అప్పుడు చెప్పింది, ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి. ఆవిడకి తొమ్మిదేళ్లప్పుడు ఒక పెద్దింటావిడ వచ్చి ఆ మూల గదిలో దిగింది. ముఖం కడుక్కునే తొట్టిలో ఒక వెంట్రుక ఉందని కింద చెప్పింది. గొంతు కూడా పెంచలేదు, మెల్లగానే చెప్పి షికారుకి వెళ్లిపోయింది. ఎడ్నాని పిలిచి, తోటి పనివాళ్ల ఎదుట అరగంట నిలబెట్టి, మూడో అంతస్తునుంచి తీసి, కింద బట్టలుతికే గదిలో వేశారు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఎడ్నా ఇంట్లో కిటికీ ఊసెత్తలేదు. పిల్ల అడిగినా చెప్పలేదు.

“అది ఎప్పటి మాట? ఇప్పుడు గదులిచ్చేది కంప్యూటరు,” అన్నాను, కాస్త మెల్లగా.

“కంప్యూటర్ని ఎవరూ నిలబెట్టి తిట్టరు. ఆ నీలం టై అబ్బాయిని నిలబెడతారు. నేను నోరు విప్పితే ఎవరో ఒకరు నిలబడాలి. నేను విప్పను.”

విమల ఆవిడ చెయ్యి పట్టుకుంది. క్లిఫ్ స్తంభం వైపు చూశాడు. నాకు జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండూ కలిసి వస్తే మనిషి కుదురుగా కూర్చోలేడు. మరుసటి రోజు పదకొండింటికి గది ఖాళీ చెయ్యాలి. ఆ తరవాత ఆవిడ మళ్లీ బస్సులోంచి చూడాల్సిందే. బాత్రూం అని చెప్పి లేచి, తిన్నగా కౌంటరు దగ్గరికి వెళ్లాను. నేను ఈ దేశం వాణ్ని కాదు, నా నోటికి తాళం లేదు. ఎవర్నీ నిలబెట్టకుండా, నవ్వుతూ, రెండు ముక్కల్లో చెబుదామని మాటలు కూడా కూర్చుకున్నాను.

నీలం టై అబ్బాయి తలెత్తి నవ్వాడు. “చెప్పండి సార్, అంతా బాగుందా?”

“చాలా బాగుంది,” అన్నాను. 

ఎలా వచ్చిందో తెలీదు. లోపల ఎవరో స్విచ్చి నొక్కినట్టు వచ్చింది. “టీ కూడా చాలా బాగుంది,” అని కలిపాను, ఎవరూ అడక్కుండానే. తిరిగొచ్చి కూర్చుంటే విమల నా ముఖం చూసి కనిపెట్టేసింది.

“ముప్ఫై నాలుగేళ్లలో వీళ్ల దగ్గర నేర్చుకుంది ఇదొక్కటేనా?” అంది తెలుగులో.

ఇక్కణ్నుంచి అంతా క్లిఫ్ నోట విన్నదే. సోమవారం పెరటి గోడమీద మోచేతులు ఆనించి చెప్పాడు, మధ్యలో రెండుసార్లు అలిసిపోయి ఆగాడు.

ఆదివారం తొమ్మిదింబావుకి ఫలహారం అయ్యింది. పెట్టె సర్దడానికి గదికెళ్దామని ఇద్దరూ లిఫ్టెక్కారు. నోరీన్ మూడో నంబరు నొక్కింది. ఊరికే వరండా చూసొద్దాం, వరండా చూస్తే ఎవరేమంటారు అంది. ఆవిడ ఎప్పుడూ వేసుకునే ముదురు నీలం స్వెట్టరు, నల్ల స్కర్టు, చప్పుడు చెయ్యని బూట్లు వేసుకుంది. చేతిలో ఏమీ లేదు. క్లిఫ్ చేతిలో ఫ్లాస్కు ఉంది.

మూల గది తలుపు బార్లా తెరిచి ఉంది. దుప్పట్ల బండి అడ్డం పెట్టి ఉంది. లోపల ఒకావిడ, యాభై దగ్గర పడుతున్న మనిషి, డోరినా అని పేరు, రుమేనియా నుంచి వచ్చినావిడ, బస్సంత మంచం మీద దుప్పటి పరవడానికి ఒక్కతే అటూ ఇటూ పరుగెడుతోంది. అటు లాగితే ఇటు ఊడుతోంది. రెండో మనిషికి జ్వరమట, పద్నాలుగు గదులు ఒక్కతే సర్దాలట.

నోరీన్ గడప దగ్గర ఆగింది. కిటికీకి తెరలు వేసి ఉన్నాయి. క్లిఫ్ అనుకున్నాడు, ఇప్పుడు తెరలు తియ్యమని అడుగుతుందని. అడగలేదు.

“ఆ చివర పట్టుకో తల్లీ,” అంది, లోపలికి అడుగుపెడుతూ. “ఇటు నేను చూస్తాను.”

డోరినా ఆ స్వెట్టరు చూసి, కొత్తగా వేసిన సూపర్‌వైజరు అనుకుందో, దేవుడు పంపాడనుకుందో, మారుమాట లేకుండా చివర పట్టుకుంది. నోరీన్ మూలలు మడవడం క్లిఫ్ రోజూ చూసేదే, కానీ అంత మంచం మీద చూడ్డం మొదటిసారి. నాలుగు మూలలూ కవరు అంటించినట్టు వచ్చాయట. తరవాత బాత్రూంలోకి వెళ్లి తొట్టి చూసి, తుడిచిన దాన్నే ఇంకోసారి తుడిచింది. వచ్చి దిండుకి గలీబు తొడుగుతూ, దిండుని గడ్డం కింద అదిమి పెట్టుకుని ఉండగా, సర్రే జంట ఫలహారం ముగించుకుని వచ్చారు.

“ఇంకా కాలేదు,” అంది నోరీన్, వంటశాల గొంతుతో. “బయట నిలబడండి. పిలిచినప్పుడు రండి.”

“క్షమించండి,” అన్నాడు ఆవపిండి ప్యాంటాయన. తన గదిలోకి తాను వచ్చినందుకు.

ఇద్దరూ వరండాలో క్లిఫ్ వెనక నిలబడ్డారు. ఎదురు గదిలోంచి బయటికొచ్చిన ఇంకో జంట, ముగ్గురు వరసగా నిలబడి ఉండటం చూసి, దేనికో తెలియకుండానే వాళ్ల వెనక చేరారు. ఈ ఊళ్లో ముగ్గురు వరసలో నిలబడితే నాలుగోవాడు దేనికని అడగడు. మొత్తం పదకొండుమంది అయ్యారని నేను అందరికీ చెబుతున్నాను. క్లిఫ్ మాత్రం తనతో కలిపి ఐదుగురే అంటాడు. ఐదుగురైనా వరసే.

మేనేజరు అటుగా వచ్చింది. వరండాలో నిలబడ్డ వరసని చూసి ముత్యాలు సర్దుకుంది.

“అంతా బాగుందాండీ?”

“చాలా బాగుందండీ,” అన్నాడు ఆవపిండి ప్యాంటాయన. ఆయన భార్య కూడా తలూపింది. మేనేజరు తృప్తిగా వెళ్లిపోయింది. 

గదిలో పని అయిపోయింది. డోరినా బండి దగ్గర తువ్వాళ్లు లెక్కపెట్టుకుంటోంది. నోరీన్ వెళ్లి తెరలు లాగింది. క్లిఫ్ వరస వదిలి లోపలికి వెళ్లాడు, వెనకవాళ్లెవరూ ఏమీ అనలేదు.

మిన్‌స్టర్ అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందేట్టు. పెద్ద గోపురానికి కిందనుంచి సగందాకా మరమ్మత్తు కోసం ఇనప గొట్టాలు కట్టి, తెల్ల టార్పాలిన్ పట్టాలు చుట్టారు. పైన ఆకాశం అంట్లు తోమిన నీళ్ల రంగులో ఉంది. గొట్టాల మీద హెల్మెట్ పెట్టుకున్న ఒకాయన కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. 

నోరీన్ చాలాసేపు చూసింది. దిండు ఇంకా చంకలోనే ఉంది.

“అమ్మ చెప్పినంత లేదు, క్లిఫ్,” అంది.

“మీ అమ్మ చూసినరోజు ఎండ ఉండుంటుంది,” అన్నాడు క్లిఫ్. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు.

అంత లేదన్న మనిషి అక్కణ్నుంచి కదల్లేదు. టీ చల్లారింది. వరండాలో ఐదుగురు, క్షమించండి, నలుగురు, కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డారు. ఒకసారి ఆవపిండి ప్యాంటాయన తల లోపలికి పెట్టి, ఏం తొందరలేదు, మీ వీలునిబట్టే కానివ్వండి అని చెప్పి వెళ్లాడు. డోరినా ఇంకో గది మొదలుపెట్టింది. కదలమని చెయ్యి పట్టి లాగుదామా అని క్లిఫ్ అనుకున్నాడట. నోరీన్ భుజాలు చూసి ఊరుకున్నాడు.

ఇక్కడ నేను ఎండ తెప్పించగలను. కలం నా చేతిలోనే ఉంది. మబ్బు చీల్చి, పట్టాలు దాటి ఉన్న పై సగం రాయి మీద ఇంత వెన్న రాయగలను. క్లిఫ్‌ని రెండుమూడు సార్లు అడిగాను, ఒక్క నిమిషమైనా రాలేదా అని. రాలేదన్నాడు. బతిమాలితే, చివర్లో మబ్బు కాస్త పల్చబడిందేమో అన్నాడు. అంతకంటే ఇవ్వనన్నాడు.

పదవుతుండగా నోరీన్ దిండు మంచం మీద పెట్టి, చేత్తో రెండు దెబ్బలు కొట్టి, గుమ్మంలోకి వచ్చింది. “ఇప్పుడు రావచ్చు,” అంది. సర్రే జంట థాంక్యూ చెప్పి తమ గదిలోకి వెళ్లారు. నోరీనూ క్లిఫ్ఫూ కిందకి దిగి, పెట్టె సర్దుకుని, పదకొండింటికి ముందే తాళం ఇచ్చేసి, పన్నెండు నిమిషాలు నడిచి ఇంటికొచ్చారు. దారిలో ఆవిడ వేయించిన చేపల వాసన గురించి ఒక్క మాట కూడా అనలేదట. దానికే నాకు భయం వేసింది అన్నాడు క్లిఫ్.

ఇదంతా రాశాక, న్యాయంగా ఉంటుందని, నిన్న మధ్యాహ్నం పెరటి గోడ దగ్గర నిలబడి నోరీన్‌కి వాళ్ల భాషలో చదివి వినిపించాను. ఆవిడ బట్టలు ఆరేస్తూ విన్నది. మధ్యలో ఆపలేదు. చివరి క్లిప్పు పెట్టాక నా వైపు తిరిగింది.

“ఇందులో ఒక్కటీ జరగలేదు,” అంది. “మేం మూడో అంతస్తుకే వెళ్లలేదు. డోరినా ఎవరో నాకు తెలీదు. దిండు లేదు, వరస లేదు, పచ్చి దుంప కూడా లేదు. మాకిచ్చిన గది ప్రశాంతంగా ఉంది. పైగా క్లిఫ్ చెప్పాడంటావేంటి? నలభై రెండేళ్ల కాపురంలో ఆయన నాతోనే అంతసేపు మాట్లాడలేదు, నీతో మాట్లాడతాడా? రాసుకుంటే రాసుకో చార్లీ. కానీ జరగలేదు.”